మగపిల్లల మూత్ర, జననాంగ సమస్యలు: ఏది ఆగుతుంది, ఏది ఆగదు

మగపిల్లలకు ఆ ప్రాంతంలో వచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం ఒకటి రెండు రోజులు ఆగినా నష్టం లేనివే. కాస్త ఎర్రబడిన చర్మం, వెనక్కి రాని ముందు చర్మం, కిందికి దిగని వృషణం లాంటివి అపాయింట్‌మెంట్ తీసుకుని నిదానంగా చూపించుకోవచ్చు. కొన్ని మాత్రం గంటల లెక్కన నడుస్తాయి. పొద్దున వెళ్తే పూర్తిగా బాగయ్యేది, సాయంత్రానికి అవయవమే పోయే స్థితికి వస్తుంది. ఈ రెండు రకాలనూ ఇంట్లో విడదీసి చూడటం ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం. రోగం పేరేమిటో డాక్టరు తేలుస్తారు. ఎంత త్వరగా బయల్దేరాలో తేల్చుకుంటే మీకు చాలు.

ఇందులో పెద్ద చిక్కు, పిల్లవాడు చెప్పడు. చిన్నవాడికి చెప్పడం రాదు, పదేళ్ళు దాటినవాడికి సిగ్గు. "కడుపు నొప్పి" అనో, "తొడ దగ్గర లాగుతోంది" అనో అంటాడు. అది అబద్ధం కూడా కాదు. వృషణాలు గర్భంలో ఉన్నప్పుడు శిశువు పొట్టలోనే తయారై తర్వాత కిందికి దిగుతాయి. వాటి నరాలు కూడా అక్కడి నుంచే వస్తాయి కాబట్టి వృషణంలో పుట్టిన నొప్పి పొత్తికడుపులో తెలుస్తుంది.

మొదటి మెట్టు: బట్టలు తీసి చూడండి

మగపిల్లవాడు కడుపు నొప్పి, వాంతులు అన్నా, చంటివాడు ఎంత ఊరుకోబెట్టినా ఏడుపు ఆపకపోయినా డైపరు లేదా నిక్కరు తీసి చూడటం మొదటి పని. జెలుసిల్ తాగించి పడుకోబెట్టడం తర్వాతి సంగతి. మంచి వెలుతురులో, చేతులు వెచ్చగా చేసుకుని చూడండి. చేతులు చల్లగా ఉంటే వృషణాలు పైకి ముడుచుకుపోతాయి, ఏమీ అర్థం కాదు.

కాస్త పెద్దవాడైతే ముందు అడగండి. "అక్కడ నొప్పిగా ఉందా? ఉంటే చెప్పు, డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పను, తిట్టను" అని సూటిగా అడిగితేనే జవాబు వస్తుంది. "ఎక్కడ నొప్పి?" అని ఊరికే అడిగితే పొట్ట చూపిస్తాడు. చూపించడానికి ఒప్పుకోకపోతే, తనే అద్దంలో చూసుకుని రెండు వైపులా ఒకేలా ఉన్నాయో లేదో చెప్పమనండి.

చూడాల్సినవి: రెండు వృషణాలూ సంచిలో ఉన్నాయా, ఒకటి వాచిందా, ఎర్రగా లేదా నల్లగా మారిందా, ఒకటి మామూలు కంటే బాగా పైకి లాగినట్టు ఉందా. గజ్జల్లో ఉబ్బు ఉందా. లింగం చివర రక్తం, చీము, వాపు ఉన్నాయా. దాని చుట్టూ వెంట్రుక గానీ దారం గానీ బిగుసుకుని ఉందా. ఎడమ వృషణం కుడిదానికంటే కాస్త కిందికి వేలాడటం చాలామందిలో మామూలే. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

రెండో మెట్టు: వృషణంలో నొప్పి ఉంటే టైము రాసుకోండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే, ఇది చదవండి.

వృషణం ఒక తాడులాంటి కాడకు వేలాడుతూ ఉంటుంది. దానికి రక్తం వచ్చే నాళాలు ఆ కాడలోనే ఉంటాయి. కొందరు పిల్లల్లో వృషణం సంచి గోడకు సరిగ్గా అతుక్కుని ఉండదు, వదులుగా ఆడుతుంది. అలాంటిది గిర్రున తిరిగితే కాడ మెలిపడి, మెలిపడిన నీళ్ళ పైపులాగా, రక్తం ఆగిపోతుంది. డాక్టర్లు దీన్నే టార్షన్ అంటారు. పుట్టిన కొత్తలోనూ, 12 నుంచి 16 ఏళ్ళ మధ్యా ఎక్కువగా వస్తుంది. కానీ ఏ వయసులోనైనా రావచ్చు.

ఆరు గంటల లోపు మెలి విప్పగలిగితే 90 శాతానికి పైగా వృషణాలు దక్కుతాయి. 12 గంటలకు అది దాదాపు సగానికి పడిపోతుంది. 24 గంటలు దాటితే దక్కే అవకాశం పదింట ఒకటి కూడా ఉండదు. ఈ లెక్క నొప్పి మొదలైన క్షణం నుంచి మొదలవుతుంది, ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాదు. అందుకే నొప్పి ఎన్నింటికి మొదలైందో రాసుకోమంటున్నాను. నిద్రలోంచి నొప్పితో లేచాడంటే, లేచిన టైము చెప్పండి.

ఎలా ఉంటుంది? నొప్పి హఠాత్తుగా వస్తుంది. ఒక పక్కనే ఉంటుంది. వికారం, వాంతులు తోడవుతాయి. నడవాలంటే కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తాడు. ఆ వృషణం పైకి లాగినట్టు, అడ్డంగా తిరిగినట్టు కనిపించవచ్చు. కొన్ని గంటలు గడిచేసరికి వాపు, ఎరుపు వస్తాయి. మొదటి గంటల్లో బయటికి ఏమీ కనిపించకపోవచ్చు. "వాపు లేదు కదా, చూద్దాం" అని ఆగడం వల్లే చాలామంది ఆ ఆరు గంటలూ పోగొట్టుకుంటారు.

ఇంకో పొరపాటు దెబ్బతో జరుగుతుంది. ఆటలో బంతి తగిలింది, అందుకే నొప్పి అని అందరూ అనుకుంటారు. మామూలు దెబ్బ నొప్పి కాసేపట్లో తగ్గుముఖం పడుతుంది. గంట దాటినా అలాగే ఉంటే, లేదా తగ్గి మళ్ళీ వస్తే, దెబ్బ ఖాతాలో వేయకుండా చూపించాలి. దెబ్బ వల్లా, ఆటలో కదలిక వల్లా కూడా మెలి పడవచ్చు.

ఇలాంటి నొప్పే వచ్చే ఇతర సమస్యలూ ఉన్నాయి. వృషణం మీద ఉండే చిన్న బొడిపె మెలిపడటం 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల్లో తరచుగా కనిపిస్తుంది. నొప్పి కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, పైభాగంలో చిన్న నీలి చుక్క కనిపించవచ్చు, విశ్రాంతితో తగ్గిపోతుంది. గవదబిళ్ళలు వచ్చిన కొన్ని రోజులకు వృషణం వాయడం యుక్తవయసు పిల్లల్లో చూస్తాం. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే వాపులో జ్వరం, మూత్రంలో మంట ఉంటాయి. కాళ్ళ మీదా పిరుదుల మీదా ఊదారంగు మచ్చలు, కీళ్ళ నొప్పులతో పాటు సంచి వాచే ఒక రక్తనాళాల జబ్బు కూడా ఉంది. వీటిని టార్షన్ నుంచి ఇంట్లో విడదీయడం సాధ్యం కాదు. అనుభవం ఉన్న డాక్టర్లకే ఒక్కోసారి ఆపరేషన్ చేస్తే తప్ప తేలదు. కాబట్టి నియమం ఒక్కటే: వృషణంలో హఠాత్తుగా నొప్పి వస్తే, వేరే ఏదో అని రుజువయ్యేదాకా అది టార్షనే.

సంచి ఒకవైపు ఖాళీగా ఉన్న పిల్లవాడికి గజ్జలో నొప్పి, ఉబ్బు వస్తే మరీ జాగ్రత్త. కిందికి దిగని వృషణం కూడా మెలిపడుతుంది. పుట్టిన బిడ్డలో అయితే నొప్పి ఉన్నట్టే తెలియదు. సంచి గట్టిగా, నల్లగా కనిపిస్తుంది, అంతే.

మూడో మెట్టు: గజ్జలో ఉబ్బు, లోపలికి పోతోందా లేదా

ఏడ్చినప్పుడు, ముక్కినప్పుడు గజ్జలో లేదా సంచిలో ఉబ్బు వచ్చి, పడుకుంటే మాయమైతే అది చాలావరకు హెర్నియా. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో మరీ ఎక్కువ. ఉబ్బు మెత్తగా ఉండి తేలిగ్గా లోపలికి పోతున్నంతకాలం అది ఎమర్జెన్సీ కాదు. కానీ మగపిల్లల గజ్జ హెర్నియా దానంతట అది మూసుకుపోదు. ఏడాది లోపు పిల్లల్లో అది ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి "పెద్దయ్యాక చేయిద్దాం" అనే మాట పనికిరాదు. ఆ వారంలోనే పిల్లల సర్జన్‌కు చూపించి ఆపరేషన్ తేదీ తీసుకోండి.

ఉబ్బు గట్టిపడి, ముట్టుకుంటే ఏడుస్తూ, ఎంతకీ లోపలికి పోకుండా ఉంటే పేగు ఇరుక్కుంది. వాంతులు మొదలైనా, వాంతి ఆకుపచ్చగా ఉన్నా, పొట్ట ఉబ్బినా, ఉబ్బు మీద చర్మం ఎర్రబడినా ఇక క్షణం ఆగకూడదు. బలంగా నొక్కి లోపలికి తోయొద్దు. పాలు, నీళ్ళు ఏమీ పట్టకుండా ఎత్తుకుని బయల్దేరండి.

సంచిలో నొప్పి లేకుండా నీరు చేరి ఉబ్బినట్టుంటే అది హైడ్రోసిల్. పుట్టిన పిల్లల్లో ఎక్కువగా ఏడాది, రెండేళ్ళలో అదే తగ్గిపోతుంది. టార్చ్ వేసి చూస్తే వెలుతురు కనిపిస్తే నీరే అని చాలామంది చెబుతారు. చంటిపిల్లల్లో పేగు కూడా అలాగే వెలుగుతుంది, దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు.

నాలుగో మెట్టు: ముందు చర్మం గురించి అనవసరమైన భయం, అవసరమైన భయం

పుట్టినప్పుడు దాదాపు మగపిల్లలందరికీ ముందు చర్మం లోపలి తలకు అతుక్కునే ఉంటుంది. ఏళ్ళ మీద దానంతట అదే విడుతుంది. కొందరికి యుక్తవయసు దాకా పడుతుంది. మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బి, తర్వాత ధార మామూలుగా వస్తే అది జబ్బు కాదు. చర్మం కింద తెల్లటి ముద్దల్లా కనిపించేవి కూడా చీము కాదు, రాలిన చర్మకణాలు.

రోజూ స్నానంలో బలవంతంగా వెనక్కి లాగి శుభ్రం చేయాలని ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళు సలహా ఇస్తుంటారు. దయచేసి వినకండి. అలా లాగితే చర్మం చిట్లి, మానేటప్పుడు గట్టిపడి, లేని సమస్య నిజంగానే వస్తుంది.

భయపడాల్సింది వెనక్కి లాగిన చర్మం తిరిగి ముందుకు రాకపోతే. అక్కడే రింగులా బిగుసుకుని, ముందున్న తల నీరు పట్టి వాచిపోతుంది. వాచిన కొద్దీ రింగు ఇంకా బిగుస్తుంది. కొన్ని గంటల్లోనే రక్తప్రసరణ దెబ్బతింటుంది. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, వాచిన భాగాన్ని అరచేతితో కొన్ని నిమిషాలు మెల్లగా అదిమి పట్టి, వాపు తగ్గాక బొటనవేళ్ళతో తలను లోపలికి నెడుతూ చర్మాన్ని ముందుకు తేవడానికి ఒక్కసారి ప్రయత్నించవచ్చు. రాకపోతే, లేదా తల రంగు మారితే, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

చర్మం ఎర్రబడి, మంట, కొద్దిగా చీము ఉంటే ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపిస్తే సరిపోతుంది. ఈలోపు గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టండి. జ్వరం వచ్చినా, వాపు లింగమంతా పాకినా, మూత్రం రాకపోయినా అదే రోజు చూపించాలి.

అయిదో మెట్టు: జ్వరం వచ్చి జలుబూ దగ్గూ లేకపోతే మూత్రం

మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరం వస్తే, కారణం ఏదైనా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ వయసులో మూత్రం ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకడానికి ఎంతో టైము పట్టదు. మూత్రం ఇన్ఫెక్షన్ ఆడపిల్లల జబ్బు అనే అభిప్రాయం ఉంది. మొదటి కొన్ని నెలల్లో మాత్రం అది మగపిల్లల్లోనే ఎక్కువ. చంటివాడిలో మంట, నొప్పి అనే లక్షణాలేవీ తెలియవు. పాలు తాగకపోవడం, మత్తుగా ఉండటం, వాంతులు, ఎక్కువ రోజులు తగ్గని పసుపు పచ్చ కామెర్లు, ఒక్కోసారి జ్వరానికి బదులు ఒళ్ళు చల్లబడటం, ఇవే గుర్తులు.

మూడు నెలలు దాటి మూడేళ్ళ లోపు పిల్లలకు జలుబు, దగ్గు, విరేచనాలు ఏవీ లేకుండా జ్వరం ఒకటి రెండు రోజులు దాటితే "మూత్రం పరీక్ష చేయించాలా?" అని మీరే అడగండి. పెద్దపిల్లల్లో అయితే మంట, మాటిమాటికీ పరిగెత్తడం, పక్క తడపడం మానేసినవాడు మళ్ళీ తడపడం, నడుము పక్కన నొప్పి కనిపిస్తాయి. జ్వరంతో పాటు నడుము పక్కన నొప్పి, వణుకు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందని అర్థం. అదే రోజు చూపించాలి.

శాంపిల్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అక్కడే ఎక్కువ పాడవుతుంది. అంటించే ప్లాస్టిక్ సంచిలో పట్టిన మూత్రంలో చర్మం మీది క్రిములు కలుస్తాయి. దానితో కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) చేస్తే లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కనిపించవచ్చు. శుభ్రం చేసి, గాల్లో పడే ధారను నేరుగా స్టెరైల్ డబ్బాలో పట్టడం మంచిది. చంటివాడైతే చల్లటి తడి గాజుగుడ్డతో పొత్తికడుపు మీద మెల్లగా గుండ్రంగా రుద్దితే కొన్నిసార్లు కొన్ని నిమిషాల్లోనే పోస్తాడు, డబ్బా పట్టుకుని సిద్ధంగా ఉండాలి. బిడ్డ మరీ నలతగా ఉంటే ఆసుపత్రిలో సన్నటి గొట్టంతో తీస్తారు. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ రెండు చుక్కలు వేసి చూద్దామనుకుంటే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు, ఏ మందు పనిచేస్తుందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

ఆరో మెట్టు: మూత్రం రాకపోతే

ముందు ఒక తేడా తేల్చుకోవాలి. తయారే కావడం లేదా, తయారై బయటికి రావడం లేదా?

విరేచనాలు, వాంతులు అయిన పిల్లవాడు నోరు ఎండి, కన్నీళ్ళు రాకుండా, మత్తుగా ఉండి, పొత్తికడుపు చదునుగా ఉంటే ఒంట్లో నీరు తగ్గింది. చంటివాడి డైపరు ఆరు నుంచి ఎనిమిది గంటలు పొడిగా ఉంటే డాక్టరుతో మాట్లాడండి. మత్తు కూడా ఉంటే నేరుగా తీసుకెళ్ళండి.

పోయాలని ఉన్నా రాక ఏడుస్తూ, బొడ్డు కింద గట్టిగా గుండ్రంగా ఉబ్బి ఉంటే మూత్రాశయం నిండిపోయింది. మంట వల్ల భయపడి ఆపుకుంటున్నవాడైతే గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టి అందులోనే పోయమనండి, ఎక్కువసార్లు పని జరుగుతుంది. చాలా రోజులుగా మలబద్ధకం ఉన్నా, అలర్జీకి, జలుబుకు వాడే కొన్ని మందులు వేసినా మూత్రం బిగుసుకోవచ్చు. వేసిన మందుల పేర్లు డాక్టరుకు చెప్పండి. పన్నెండు గంటలు దాటినా, అంతకు ముందే పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి. దీనితో పాటు కాళ్ళలో బలం తగ్గినా, నడక తేడాగా ఉన్నా వెన్నుపాము సమస్య కావచ్చు, అది మరింత తొందర.

కొత్తగా పుట్టిన మగబిడ్డ 24 గంటల్లో ఒకసారైనా మూత్రం పోయాలి. ధార ఎలా ఉందో కూడా ఒకసారి చూడండి. ఎప్పుడూ బొట్లు బొట్లుగానే పడుతుంటే, ముక్కుతూ పోస్తుంటే, మూత్రనాళంలో పుట్టుకతో అడ్డుపొరలు ఉండవచ్చు. ఇది మగపిల్లలకే వచ్చే సమస్య, ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి. గర్భంలో స్కానింగ్ చేసినప్పుడు కిడ్నీలు ఉబ్బి ఉన్నాయని రాసి ఉంటే ఆ రిపోర్టు పిల్లల డాక్టరుకు తప్పకుండా చూపించండి.

దీనికి ఎదురు లక్షణం కూడా ఉంది. అతిగా మూత్రం పోస్తూ, విపరీతంగా నీళ్ళు తాగుతూ, బరువు తగ్గుతున్న పిల్లవాడికి అదే రోజు రక్తంలో షుగర్ చూడాలి. పిల్లల్లో వచ్చే మధుమేహం రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. వాంతులు, ఆయాసం కూడా ఉంటే ఎమర్జెన్సీ.

ఏడో మెట్టు: రంగు

మొదటి రోజుల్లో డైపరు మీద ఇటుకపొడి లాంటి గులాబీ మరక ఎక్కువగా యూరేట్ స్ఫటికాలదే, పాలు సరిపోతే పోతుంది. బీట్‌రూట్ తింటే ఎర్రగా, టీబీ మందు రిఫాంపిసిన్ వేసుకుంటే నారింజ రంగుగా రావచ్చు.

డికాక్షన్ రంగులో మూత్రం వచ్చి, పొద్దున్నే కళ్ళ చుట్టూ వాపు కనిపిస్తే వేరు. గొంతునొప్పి వచ్చిన వారం రెండు వారాలకు, లేదా చర్మం మీద పుండ్లు వచ్చిన కొన్ని వారాలకు కిడ్నీలు వాచడం వల్ల ఇలా జరుగుతుంది. అదే రోజు బీపీ చూపించాలి. తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్ ఉంటే వెంటనే. గడ్డలు గడ్డలుగా రక్తం పడినా, దెబ్బ తర్వాత రక్తం వచ్చినా వెంటనే.

ఎనిమిదో మెట్టు: దెబ్బలు, జిప్పులు, వెంట్రుకలు

జిప్పులో చర్మం ఇరుక్కుంటే లాగకండి. బేబీ ఆయిల్ ధారాళంగా వేసి కొన్ని నిమిషాలు ఆగి, జిప్పు కింది భాగంలో గుడ్డను కత్తిరిస్తే పళ్ళు విడివడతాయి. అప్పటికీ రాకపోతే ఆసుపత్రిలో తిమ్మిరి ఇచ్చి తీస్తారు.

సైకిల్ రాడ్డు మీద, గోడ మీద కాళ్ళు చెరోవైపు పడేలా పడి, లింగం చివర రక్తం కనిపించినా, మూత్రం రాకపోయినా, సంచి నల్లగా ఉబ్బినా ఎమర్జెన్సీ. మూత్రనాళం చిరిగి ఉండవచ్చు, "గట్టిగా పోయి చూడు" అనొద్దు. చంటివాడి లింగానికి వెంట్రుక చుట్టుకుని బిగిస్తే వాపులో అది కనిపించదు. తేలిగ్గా తీయగలిగితే తీయండి, లోపలికి దిగి ఉంటే డాక్టరు తీయాలి. చెప్పిన కథకూ దెబ్బకూ పొంతన కుదరకపోతే పిల్లవాణ్ణి గుచ్చి గుచ్చి అడగకుండా, మీ అనుమానాన్ని డాక్టరుకు విడిగా చెప్పండి.

చంటిపిల్లల్లో లింగం గట్టిపడటం మామూలే. నొప్పితో నాలుగు గంటలు దాటితే ఎమర్జెన్సీ. సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే) జబ్బు ఉన్నవాడైతే అంతసేపు కూడా ఆగొద్దు.

వారాల్లో చూపించాల్సినవి

వృషణం కిందికి దిగకపోతే ఆరు నెలల దాకా ఆగి, అప్పటికీ దిగకపోతే పిల్లల సర్జన్‌ను కలవాలి. ఆపరేషన్ ఏడాదిన్నర లోపు చేయడం మంచిది. మూత్రం రంధ్రం కింది వైపు ఉంటే సున్తీ చేయించకండి, దాన్ని సరిచేసే ఆపరేషన్‌లో ఆ చర్మమే పనికొస్తుంది. ఒకే మినహాయింపు: పుట్టిన బిడ్డకు రెండు వృషణాలూ చేతికి తగలకపోతే, ముఖ్యంగా రంధ్రం కూడా కింద ఉంటే, ఇంటికి తీసుకెళ్ళకముందే పరీక్షలు చేయించాలి. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో లోపం ఉంటే మొదటి వారాల్లోనే ఒంట్లో ఉప్పు పడిపోయి బిడ్డ కుప్పకూలవచ్చు.

బయల్దేరేటప్పుడు

ఆపరేషన్ అవసరం కావచ్చనిపిస్తే దారిలో ఏమీ తినిపించకండి, తాగించకండి. చివరిసారి ఎప్పుడు తిన్నాడో గుర్తుపెట్టుకోండి. వీలైతే ముందే ఫోన్ చేసి పిల్లలకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసే సౌకర్యం ఉందా అని కనుక్కోండి. లేని చోటికి వెళ్ళి అక్కడి నుంచి పంపించబడితే ఆరు గంటల్లో రెండు అలాగే పోతాయి.

కౌంటర్ దగ్గర "కడుపు నొప్పి" అని చెబితే వరసలో కూర్చోబెడతారు. "వృషణంలో నొప్పి, ఇన్ని గంటలకు మొదలైంది, టార్షన్ ఏమో చూడండి" అని స్పష్టంగా చెప్పండి. డాక్టరు డాప్లర్ (రక్తప్రసరణ చూసే) స్కాన్ లేకుండా నేరుగా ఆపరేషన్ అంటే అనుమానపడక్కర్లేదు. గుర్తులు స్పష్టంగా ఉన్నప్పుడు స్కాన్ కోసం ఆగడం టైము వృథా, మొదట్లో స్కాన్ మామూలుగా కనిపించవచ్చు కూడా. సంతకం పెట్టే ముందు రెండు విషయాలు వివరిస్తారు: మెలి విప్పి వృషణాన్ని కుట్టి నిలబెడతారు, రెండోదాన్ని కూడా ముందుజాగ్రత్తగా కుడతారు. చచ్చిపోయి ఉంటే తీసేస్తారు. ఒక్క వృషణం ఆరోగ్యంగా ఉంటే హార్మోన్లకు, మామూలుగా తర్వాత పిల్లలు కలగడానికి కూడా అది సరిపోతుంది.

దారిలో నొప్పి ఒక్కసారిగా తగ్గిపోతే బండి వెనక్కి తిప్పొద్దు. మెలి దానంతట అది విడి, ఆ రాత్రే మళ్ళీ పడవచ్చు. లేదా కణజాలం చచ్చిపోయి నొప్పి ఆగి ఉండవచ్చు. ఆసుపత్రికి వెళ్ళి, "వచ్చి తగ్గింది" అని అలాగే చెప్పండి. అంతకుముందు కూడా ఇలా వచ్చి తగ్గిందేమో పిల్లవాణ్ణి అడిగి ఆ సంగతి కూడా చెబితే, అది మళ్ళీ తిరగకుండా తీరిగ్గా కుట్టు వేయించుకునే అవకాశం దొరుకుతుంది.